పాలియేటివ్ కేర్: జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించవచ్చు

ఈ సంచికలో కొంచెం బరువైన విషయం మాట్లాడదలచాము. ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బు లేనివారు కూడా ఓపికగా చదవండి. అవసరం వచ్చిన రోజున చదవడానికి తీరిక దొరకదు.

"పెద్దాసుపత్రిలో ఇక చేసేదేమీ లేదన్నారండీ, ఇంటికి తీసుకుపొమ్మన్నారు." క్యాన్సరు ముదిరిన రోగుల బంధువులు మా ఓపీలోకి వచ్చి మొట్టమొదట చెప్పే మాట ఇది. రోగిని బయట వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి, ఫైలు ఒక్కటే పట్టుకుని లోపలికి వస్తారు. ఆయన రాత్రిపూట నిద్రపోయి ఎన్నాళ్ళయిందని మేము అడుగుతాము. రెండు నెలలనేవారున్నారు, దీపావళి ముందు నుండీ అనేవారున్నారు.

"చేసేదేమీ లేదు" అన్న మాటలో సగమే నిజం. జబ్బును వేళ్ళతో సహా తీసివేసే మందు ఇక లేకపోవచ్చు. కాని ఆ మనిషి నిద్రపోవడానికి మందు ఉంది. వాంతులు ఆపవచ్చు, ఆయాసం తగ్గించవచ్చు, పుండు వాసన పోగొట్టవచ్చు, భయపడుతున్న భార్యాబిడ్డలతో కూర్చుని మాట్లాడవచ్చు. ఈ పనులన్నీ కలిపి చేసే వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు.

పేరు ఎక్కడిది?

లాటిన్ భాషలో పాలియం అంటే ఒంటికి చుట్టుకునే పెద్ద వస్త్రం. పాలియేటివ్ అనే మాట దాని నుండే వచ్చింది. చలికాలాన్ని ఎవరూ ఆపలేరు, కాని దుప్పటి కప్పుకున్నవాడు వెచ్చగా ఉంటాడు గదా. తెలుగులో దీనిని ఉపశమన చికిత్స అంటున్నారు, సాంత్వన చికిత్స అని కూడా రాస్తున్నారు. మా వార్డులో ఆయాలు మొదలుకొని అందరూ పాలియేటివ్ అనే పిలుస్తారు కనుక ఇక్కడా అదే వాడుతున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినదాన్ని మన మాటల్లో పెడితే ఇలా ఉంటుంది: ప్రాణాపాయమైన జబ్బు ఉన్న రోగికీ, ఆ కుటుంబానికీ వచ్చే కష్టాలను ముందుగా కనిపెట్టి, సరిగా అంచనా వేసి, తగ్గించే వైద్యం. ఆ కష్టం ఒంటిది కావచ్చు, మనసుది కావచ్చు, ఇల్లు గడవడం గురించి కావచ్చు, ఆత్మకు సంబంధించినదీ కావచ్చు. కుటుంబం అన్న మాటను గమనించారా? మామూలుగా మందుల చీటీ మీద రోగి పేరు ఒక్కటే ఉంటుంది.

ఈ వైద్యానికి నేటి రూపం ఇచ్చినవారు ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్. ఆమె మొదట నర్సుగా, తరువాత ఆసుపత్రిలో సోషల్ వర్కరుగా పనిచేసి, ఆ పైన చదివి డాక్టరయ్యారు. మూడు వైపుల నుండీ రోగి మంచాన్ని చూసినందువల్లనే కాబోలు, ముదిరిన క్యాన్సరు రోగి "నొప్పి" అన్నప్పుడు అందులో ఎన్నో నొప్పులు కలిసి ఉంటాయని ఆమె గ్రహించారు. ఒంటి నొప్పి ఒకటి, మనసు దిగులు ఒకటి, పిల్ల పెళ్ళి ఎలాగన్న బెంగ ఒకటి, "నాకే ఎందుకిలా అయింది" అన్న ఆత్మ వేదన ఒకటి. అన్నింటినీ కలిపి చూడకపోతే ఏ ఒక్కటీ తగ్గదన్నారు. 1967లో ఆమె లండన్ నగరంలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. హాస్పిస్ అంటే పూర్వకాలంలో యాత్రికులు దారిలో ఆగి విశ్రమించే సత్రం.

మన దేశంలో 1986లో ముంబయిలో శాంతి అవేదన ఆశ్రమం మొదలైంది. 1993లో కేరళలోని కోళికోడులో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని స్థాపించారు. కేరళలో ఈ పని డాక్టర్లతో ఆగిపోలేదు. టీచర్లు, కూలీలు, కాలేజీ పిల్లలు, గృహిణులు శిక్షణ పొంది, తమ ఊళ్ళో మంచాన పడినవారి ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనికోసం ప్రత్యేక విధానమే ప్రకటించింది. మన వైపు హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. అదే నగరంలో 2011లో స్పర్శ్ హాస్పిస్ మొదలైంది. అయినా మన పల్లెల్లో చాలామందికి ఈ పేరే తెలియదు.

ఎవరికి, ఎప్పుడు?

క్యాన్సరు రోగులకే అని చాలామంది అనుకుంటారు. గుండె బలహీనపడి కాళ్ళు వాచి, రాత్రిళ్ళు పడుకోలేక కూర్చునే ఉండేవారికి ఇది కావాలి. కిడ్నీలు పాడైనవారికి, చుట్టలు బీడీలు కాల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి, పక్షవాతంతో మంచాన పడినవారికి, కన్నకొడుకునే గుర్తుపట్టలేనంత మతిమరుపు వచ్చిన పెద్దలకు, నయంకాని జబ్బుతో పుట్టిన పసిపిల్లలకు కూడా కావాలి.

ఎప్పుడు అన్నదే అసలు చిక్కు. పాలియేటివ్ అంటే చివరి మెట్టు అన్న భావం మనలో బలంగా నాటుకుపోయింది. అందువల్ల చాలామందిని మా దగ్గరకు ఆఖరి వారంలో తీసుకువస్తారు. అప్పటికి ఆ మనిషి నెలల తరబడి నొప్పి అనుభవించి ఉంటాడు. నిజానికి జబ్బు పెద్దదని తెలిసిన నాటి నుండే, కీమో, రేడియేషన్ ఒక వైపు నడుస్తుండగానే, దీనిని కూడా మొదలుపెట్టవచ్చు. ఒకదాని కోసం ఇంకొకటి మానుకోనక్కరలేదు.

దీనికి మంచి రుజువు ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 151 మందిని రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు మామూలు క్యాన్సరు వైద్యం ఇచ్చారు. రెండవ గుంపుకు దానితో పాటు మొదటి నుండే పాలియేటివ్ కేర్ కూడా ఇచ్చారు. 2010లో ఆ ఫలితాలు ప్రచురించారు. రెండవ గుంపువారికి దిగులు తక్కువ, రోజులు గడిచిన తీరు మెరుగు. చివరి రోజుల్లో బలమైన మందులు, హడావిడి చికిత్సలు తక్కువ తీసుకున్నారు. అయినా వారే ఎక్కువ కాలం బ్రతికారు. మధ్యస్థ లెక్కన మొదటి గుంపు దాదాపు 9 నెలలు, వీరు దాదాపు 12 నెలలు. అన్ని జబ్బుల్లోనూ ఇంత తేడా వస్తుందని మేము చెప్పము. కాని పాలియేటివ్‌లో చేర్చితే ఆయుష్షు తగ్గుతుందనే భయానికి ఆధారం లేదని మాత్రం గట్టిగా చెప్పగలము.

నొప్పి గురించి కొంచెం వివరంగా

మన ఇళ్ళలో నొప్పిని ఓర్చుకోవడం గొప్ప గుణం. ముఖ్యంగా ఆడవారు చెప్పరు. "ఎలా ఉందమ్మా" అంటే "ఫరవాలేదండీ" అంటారు, పిడికిలి మాత్రం దుప్పటిని బిగించి పట్టుకుని ఉంటుంది. అందుకే మా నర్సులు సున్నా నుండి పది వరకు లెక్క చెప్పి అడుగుతారు. సున్నా అంటే అసలు లేదు, పది అంటే ఇంతకు మించి ఊహించలేము. చదువు రానివారికి రూపాయి లెక్క చెబుతాము: రూపాయిలో ఎన్ని అణాల నొప్పి? పెద్దవారు వెంటనే "పన్నెండు అణాలు" అంటారు.

నొప్పి ఏ రకమో కూడా చెప్పండి. సలుపుతోందా, పొడుస్తోందా, మండుతోందా, కరెంటు షాకు కొట్టినట్టుందా? మంట, షాకు లాంటివి నరాలకు సంబంధించిన నొప్పులు. వాటికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులు ఇస్తాము. ఇక్కడే ఒక ఇబ్బంది తరచు వస్తుంది. రోగి ఇంటికి వెళ్ళాక ఎవరో చీటీ చూసి "ఇది దిగులు జబ్బు మందు, ఇది ఫిట్సు మందు, మీకెందుకు రాశారు?" అంటారు. దానితో మందు మానేస్తారు. నిజమే, ఆ మందులు ఆ జబ్బులకూ వాడతారు. నరాల నొప్పికీ వాడతారు. అనుమానం వస్తే మానేయకుండా మాకు ఫోను చేయండి.

ఎముకకు పాకిన క్యాన్సరు నొప్పికి ఒక్క పూట ఇచ్చే రేడియేషన్ కూడా చాలామందికి మంచి ఉపశమనం ఇస్తుంది. జబ్బు నయం చేయడానికి కాదు, నొప్పి తగ్గించడానికే ఇస్తారు.

1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు నొప్పికి ఒక నిచ్చెన పద్ధతి చెప్పింది. మొదటి మెట్టు పారాసెటమాల్, డైక్లోఫెనాక్ లాంటి మామూలు మందులు. రెండవ మెట్టు ట్రమడాల్ లాంటివి. మూడవ మెట్టు మార్ఫిన్. రోగి ఏ మెట్టు మీద ఉన్నాడన్నది నొప్పి చెబుతుంది. నొప్పి తీవ్రంగా ఉంటే మొదటి రోజే మూడవ మెట్టు ఎక్కవలసి రావచ్చు. డైక్లోఫెనాక్ గురించి ఒక హెచ్చరిక: షాపులో అడిగి రోజూ రెండు మూడు చొప్పున నెలల తరబడి మింగకండి. కిడ్నీలు, కడుపు రెండూ దెబ్బతింటాయి. ఈ విషయంలో డాక్టరు పర్యవేక్షణలో వాడే మార్ఫినే చాలామందికి క్షేమం. వింతగా అనిపించినా ఇది నిజం.

మార్ఫిన్ పేరు వినగానే

మార్ఫిన్ నల్లమందు నుండి తీసేది. ఈ మాట చెప్పగానే కుటుంబంలో ఎవరో ఒకరు లేచి నిలబడతారు. "అలవాటైపోతుందేమో?" "గుండె ఆగిపోతుందేమో?" "అంటే ఇక ఆఖరన్న మాటేనా?" ఈ మూడు ప్రశ్నలూ న్యాయమైనవే, విసుగు లేకుండా జవాబు చెప్పవలసినవే.

అలవాటు సంగతి. మత్తు కోసం తీసుకునేవాడికీ, నొప్పి కోసం డాక్టరు చెప్పిన మోతాదులో తీసుకునేవాడికీ చాలా తేడా ఉంది. క్యాన్సరు నొప్పికి సరిగా వాడినవారు వ్యసనపరులు కావడం అరుదు. శరీరం మందుకు అలవాటు పడుతుంది కనుక హఠాత్తుగా ఆపకూడదు. రేడియేషన్ వల్ల నొప్పి తగ్గితే మోతాదును మెల్లమెల్లగా తగ్గించి ఆపవచ్చు. మా దగ్గర అలా ఆపినవారు ఉన్నారు.

ప్రాణాపాయం సంగతి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, నొప్పిని బట్టి పెంచుతాము. వృద్ధులకు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరింత జాగ్రత్తగా, ఎక్కువ ఎడం ఇచ్చి వేస్తాము. ఇలా వాడితే మార్ఫిన్ ప్రాణం తీయదు. మొదటి రెండు మూడు రోజులు బాగా నిద్రపోతారు. ఇంటివారు కంగారు పడతారు. నెలల నిద్ర బాకీ కూడా అందులో ఉంటుందని గుర్తుంచుకోండి. అయితే లేపినా లేవనంత మత్తు, ఊపిరి బాగా నెమ్మదించడం, చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు ఎగరడం కనిపిస్తే తరువాతి మాత్ర వేయకుండా వెంటనే మాకు తెలియజేయండి.

ఆఖరా అన్న సంగతి. మార్ఫిన్ మొదలుపెట్టడానికి కారణం నొప్పి, మిగిలిన రోజుల లెక్క కాదు. మార్ఫిన్ వేసుకుని బజారుకు వెళ్ళి వచ్చేవారు, మనవరాలి పెళ్ళిలో కూర్చున్నవారు ఉన్నారు.

వాడే పద్ధతి ముఖ్యం. మామూలు మార్ఫిన్ మాత్ర పనితనం సుమారు 4 గంటలు. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయాలి. వంట పొయ్యి ఆరిపోయాక మళ్ళీ రాజేయడం కష్టం, మండుతుండగా పుల్ల వేయడం తేలిక; మందు విషయమూ అంతే. పడుకునేముందు వేసే మోతాదు కొంచెం ఎక్కువగా రాస్తాము, రాత్రి మధ్యలో లేవకుండా. పన్నెండు గంటలు పనిచేసే మాత్రలు ఇస్తే వాటిని నూరి, నీళ్ళలో కలిపి పోయకండి, మందంతా ఒక్కసారి ఒంట్లోకి దిగుతుంది. మొదటి వారం కొంచెం వికారం ఉండవచ్చు, దానికి మాత్ర ఇస్తాము. మలబద్ధకం మాత్రం మార్ఫిన్ వాడినన్నాళ్ళూ ఉంటుంది. కనుక రాత్రిపూట విరేచనం మాత్ర తప్పనిసరి. "విరేచనాలు లేవు గదా, ఇదెందుకు" అని చాలామంది దానిని పక్కన పెడతారు, నాలుగవ రోజున కడుపు ఉబ్బి పరుగెత్తుకు వస్తారు.

ఈ మందు ప్రతి మెడికల్ షాపులోనూ ఎందుకు దొరకదని అడుగుతారు. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దొంగ వ్యాపారాన్ని ఆపడానికి పెట్టిన నియమాలు ఎంత చిక్కుగా ఉండేవంటే, లైసెన్సుల బాధ పడలేక ఆసుపత్రులే మార్ఫిన్ నిలువ ఉంచడం మానేశాయి. ఒక తరం డాక్టర్లు ఆ మందు వాడకుండానే చదువు ముగించారు. ఇక్కడ మనసు కలుక్కుమనే విషయం ఒకటి ఉంది. చట్టబద్ధంగా నల్లమందు పండించే కొద్ది దేశాల్లో మనది ఒకటి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు పండించగా, ఘాజీపూర్, నీమచ్ పట్టణాల్లోని ప్రభుత్వ కర్మాగారాలు దానిని శుద్ధి చేస్తాయి, విదేశాలకూ పంపుతాయి. మన రోగులు మాత్రం రాత్రంతా మూలుగుతూ ఉండిపోయారు. డాక్టర్ రాజగోపాల్ వంటివారు ఏళ్ళ తరబడి విన్నవించగా 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. ఇప్పుడు గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ ఉంచి, రోగులకు ఇవ్వవచ్చు. లెక్క మాత్రం పక్కాగా రాయాలి. మీ చేత సంతకం పెట్టించుకునేది అందుకే.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ఆయాసం ఉన్నవారిని వెల్లకిలా పడుకోబెట్టవద్దు. దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, కిటికీ తీసి, ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టండి. చుట్టూ పదిమంది మూగితే ఆయాసం పెరుగుతుంది. మంచాన పడినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి, దుప్పటి ముడతలు లేకుండా చూడండి. తడి తగలనీయకండి. నోరు పొడిబారితే గోరువెచ్చని నీటిలో అర చెంచా వంట సోడా కలిపి పుక్కిలింపించండి. నాలుక మీద తెల్లని పొర కనబడితే అది ఫంగస్ కావచ్చు, మందుతో పోతుంది.

పుండు వాసన గురించి ఎవరూ పైకి మాట్లాడరు. రొమ్ము క్యాన్సరు, నోటి క్యాన్సరు పుండ్లున్నవారు ఆ వాసన వల్ల గది నుండి బయటకు రారు, మనవలను దగ్గరకు రానీయరు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో పుండును కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడి చేసి దాని మీద చల్లి, శుభ్రమైన గుడ్డ కట్టాలి. ఒకసారి మా నర్సు చూసి నేర్పుతుంది, తరువాత మీరే చేసుకోవచ్చు. కొద్ది రోజుల్లోనే వాసన తగ్గుతుంది. పది రూపాయలలో అయ్యే ఈ చిన్న వైద్యం తెలియక ఎంతమంది తలుపులు మూసుకున్నారో.

తిండి గురించి ప్రతి ఇంట్లోనూ గొడవే. "తినకపోతే ఎలా బ్రతుకుతాడు" అని అమ్మ ముద్ద కలిపి బలవంతంగా పెడుతుంది, ఆయన తల తిప్పుకుంటాడు, ఆమె ఏడుస్తుంది. జబ్బు బాగా ముదిరినప్పుడు శరీరానికి ఆకలి తగ్గిపోతుంది. తినకపోవడం వల్ల జబ్బు ముదరడం లేదు, జబ్బు ముదిరినందువల్ల తినలేకపోతున్నాడు. అడిగినప్పుడు అడిగినది రెండు చెంచాలు పెట్టండి. రాగి జావ, పెరుగన్నం, మజ్జిగ, పచ్చడి నాకుతానంటే అదీ ఇవ్వండి. మత్తుగా ఉన్నప్పుడు మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరి రోజుల్లో సెలైన్ బాటిళ్ళు బలం ఇవ్వవు సరిగదా, ఒళ్ళు వాచి ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. బాటిల్ పెట్టకపోతే ఏమీ చేయనట్టు ఉంటుందని బంధువులు బాధపడతారు. తడి దూదితో పెదవులు తుడుస్తూ పక్కన కూర్చోండి. అదీ చేయడమే.

"ఆయనకు చెప్పకండి డాక్టరు గారూ"

దాదాపు ప్రతి కుటుంబమూ మమ్మల్ని చాటుకు పిలిచి ఇదే కోరుతుంది. తెలిస్తే గుండె ఆగిపోతుందంటారు. ప్రేమతోనే అంటారు, మేము దానిని తప్పు పట్టము. ఆ తరువాత రోగి దగ్గరకు వెళ్తే, ఆయన మా చెయ్యి పట్టుకుని మెల్లగా అంటాడు, "నాకు తెలుసండీ. మా ఆవిడకు చెప్పకండి, తట్టుకోలేదు." ఇద్దరికీ తెలుసు. ఒకరి కోసం ఒకరు నటిస్తూ, ఒకే గదిలో వేర్వేరుగా ఏడుస్తున్నారు.

దాచడం వల్ల నష్టమేమిటో చూడండి. పొలం కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరికి బాకీ ఉన్నదో, చిన్నవాడి చదువు ఎవరు చూడాలో చెప్పవలసిన మనిషి చెప్పకుండా వెళ్ళిపోతాడు. పదేళ్ళుగా మాటల్లేని తమ్ముణ్ణి ఒకసారి పిలిపించమని అడగలేకపోతాడు. మందులు ఇన్ని వేసినా ఎందుకు తగ్గడం లేదో తెలియక డాక్టర్ల మీద, ఇంటివారి మీద నమ్మకం పోతుంది. అంతకంటే ఒంటరితనం మరొకటి లేదు.

అలాగని మేము నేరుగా వెళ్ళి బాంబు వేసినట్టు చెప్పము. "మీ జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు?" అని అడుగుతాము. ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయనే చెబుతాడు. కొందరు "అవన్నీ మా అబ్బాయితో మాట్లాడండి" అంటారు. అదీ ఆయన హక్కే, అక్కడితో ఆగుతాము. మరికొందరు "ఎన్నాళ్ళుంటానండీ?" అని అడుగుతారు. తేదీ ఎవరూ చెప్పలేరు. రోజులా, వారాలా, నెలలా అన్న అంచనా చెప్పవచ్చు. అబద్ధపు మాట ఒక్కటి కూడా చెప్పము. చిన్నపిల్లలకు కూడా వారి వయసుకు తగినట్టు చెప్పాలి. నాన్నను ఊరికి పంపామని చెప్పిన పిల్లవాడు గుమ్మంలో ఎదురు చూస్తూనే ఉంటాడు.

పొలం అమ్మాలా?

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చాక చాలా కుటుంబాలకు పెద్ద ఖర్చుల భారం తగ్గింది. అయినా ఆఖరి నెలలో "ప్రయత్నం చేయలేదన్న మాట రాకూడదు" అని అర ఎకరం అమ్మి ఐసీయూలో వెంటిలేటర్ పెట్టించేవారిని మేము చూస్తూనే ఉన్నాము. కోలుకునే అవకాశం ఉన్న జబ్బుకు ఐసీయూ ప్రాణదాత. క్యాన్సరు ఒళ్ళంతా పాకినప్పుడు మాత్రం గాజు తలుపు అవతల, చేతులు కట్టివేసి, ఇంటివారికి రోజుకు పది నిమిషాలు చూపించే గది అది. ఏ చికిత్సకైనా ముందు డాక్టరును ఒక్క ప్రశ్న అడగండి: దీనివల్ల ఈయనకు ఏమి మేలు జరుగుతుంది? జవాబు అర్థమయ్యేదాకా సంతకం పెట్టవద్దు.

యంత్రాలతో ప్రాణం పొడిగించవద్దని ఆరోగ్యంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షులుండి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. ఇది ప్రాణం తీయడం కాదు. ప్రాణం తీసే ఇంజెక్షను ఇవ్వడం మన దేశంలో నేరం, పాలియేటివ్ కేర్‌లో దానికి చోటు లేదు. జబ్బును దాని దారిన పోనిస్తూ, బాధ లేకుండా చూడడం మాత్రమే మా పని.

పరామర్శకు వెళ్ళేవారికి

సంఘ కుటుంబాలకు ఒక మనవి. మీరు వెళ్ళడం మంచిదే, వెళ్ళండి. కాని ఇరవై మంది ఒకేసారి వెళ్ళి గంటసేపు పెద్ద స్వరంతో పాడితే ఆయాసపడే మనిషికి కష్టం. ఇద్దరు వెళ్ళి, చెయ్యి పట్టుకుని, చిన్న ప్రార్థన చేసి, పావుగంటలో లేవండి. "ఏ పాపం చేశావో", "విశ్వాసం చాలక" అన్న మాటలు నోట రానీయకండి. అలాంటి మాట విన్న తరువాత రెండు రోజులు మందు ముట్టని రోగులున్నారు. మార్ఫిన్ వేసుకుంటే ప్రార్థన ఫలించదని ఏ పాస్టరు గారూ చెప్పగా మేము వినలేదు, ఇరుగుపొరుగువారు చెబుతుంటారు. మా వార్డుకు అన్ని మతాలవారూ వస్తారు. ఎవరి దైవాన్ని వారు తలచుకునే స్వేచ్ఛ ఉంది. పూజారి గారు వచ్చినా, మౌల్వీ గారు వచ్చినా కుర్చీ వేస్తాము.

పండ్లూ బిస్కట్ పాకెట్లూ కంటే చూసుకునేవారికి సహాయం చేయండి. ఆమె భార్యో కోడలో అయి ఉంటుంది. నెలల తరబడి రాత్రి కన్ను మూయలేదు. ఒక రాత్రి మీరు కూర్చుని ఆమెను పడుకోనివ్వండి. ఒక పూట క్యారేజీ పంపండి. పిల్లలను బడికి దింపండి. స్త్రీల సమాజంవారు వంతులు వేసుకుంటే ఒక ఇల్లు తేలికగా నిలబడుతుంది.

మా దగ్గరకు వచ్చేటప్పుడు

పాత ఫైలు, స్కాను రిపోర్టులు, ఇప్పుడు వాడుతున్న మందుల అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. నాటు మందు వాడుతుంటే అది కూడా చెప్పండి, కోప్పడము. రోగి కదలలేని స్థితిలో ఉంటే తీసుకురావద్దు, ముందు ఒకరు వచ్చి మాట్లాడండి. దగ్గర ఊళ్ళకు మా నర్సు ఇంటికే వస్తుంది. దూరమైతే మీ దగ్గరలో పాలియేటివ్ విభాగం ఎక్కడుందో మేమే కనుక్కుని చీటీ రాసిస్తాము. మార్ఫిన్ మాత్రలను తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచండి. పక్కింటివారికి నడుము నొప్పి అన్నా సరే, ఒక్కటి కూడా ఇవ్వకండి. రోగి కన్నుమూసిన తరువాత మాత్రలు మిగిలితే పారవేయకుండా లెక్క చూసి మా ఫార్మసీకి తిరిగి తెచ్చి ఇవ్వండి. తొందరేమీ లేదు, కార్యక్రమాలన్నీ అయ్యాక రండి. ఆ రోజున కాసేపు కూర్చుని వెళ్ళండి, మా సిస్టర్లు మీతో మాట్లాడతారు.